ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు పెద్దలు. కంప్యూటరు మాత్రం ఈ సామెతకు లొంగలేదు. ఒకే డిస్కును భాగాలుగా పంచి, ఒకదానిలో విండోస్‌ను, మరొకదానిలో లినక్స్‌ను నెలకొల్పి, యంత్రాన్ని మేల్కొలిపినప్పుడల్లా కావలసినదానిని ఎంచుకునే పద్ధతి చాలాకాలంగా ఉన్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన తరువాత, పాత యంత్రాన్ని పారవేయడానికి మనసొప్పని మరికొందరు ఈ దారి పట్టారు.

తెలుగునాట ఈ జంట కాపురానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉన్నది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. లినక్స్ పుట్టినదీ ఆ సంవత్సరమే. అయినా చిన్న ముద్రణాలయాలలోను, డి.టి.పి. కేంద్రాలలోను, రచయితల ఇళ్ళలోను ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి వ్రాతలు పాత ఫాంట్లలోనే, విండోస్ మీద పేజ్‌మేకర్ వంటి సాధనాలతోనే కూర్చబడ్డాయి. వాటిని తెరిచి చూడాలంటే విండోస్ ఉండవలసిందే. ఇంట్లో కంప్యూటరు విద్య చదివే పిల్లలకేమో లినక్స్ కావాలి.

ఇటువంటి యంత్రంలో హార్డ్ డిస్కు ఒకనాడు టిక్కు టిక్కుమని, తెర నల్లబడి ఊరుకుంటుంది. వెంటనే తోచే ఉపాయం ఒక్కటే: కొత్త డిస్కు తెచ్చి, రెండు వ్యవస్థలనూ మళ్ళీ ఎక్కించి, ఎప్పటి జాబితాను తెర మీదకు రప్పించడం. తొందర సహజమే కాని, ఈ వరుస తలక్రిందులైనది. విండోస్ మళ్ళీ దొరుకుతుంది. లినక్స్ ఉచితంగానే దొరుకుతుంది. ఇంటి పెద్ద ఇరవై ఏళ్ళు కూర్చుని వ్రాసుకున్న వ్యాసాలు ఏ దుకాణంలోను దొరకవు.

కనుక ముందుగా చేయవలసినది యంత్రాన్ని ఆపడం. డిస్కులో పళ్ళెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుండగా, చదివే ముల్లు దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. ఆ ముల్లు పళ్ళేన్ని తాకడం మొదలైతే, ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని మీట నొక్కిన ప్రతిసారీ మరికొన్ని పుటలు గీసుకొని పోతాయి. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పే ఇరుగుపొరుగు వైద్యులు ఉంటారు. తడి చేరి ఉన్నది కాస్తా పోగలదు గనుక, వారికి నమస్కరించి ఊరుకోవడం మేలు. టిక్కుటిక్కులు మానని డిస్కును, దానిని శుభ్రమైన గదిలో విప్పి పనిచేయగల నిపుణులకే అప్పగించాలి.

డిస్కు ఇంకా కొంత పలుకుతున్నదనుకుందాం. అప్పుడు లినక్స్‌ను పెన్‌డ్రైవు నుండే నడిపి, డిస్కులోని సమస్తాన్ని అంతే లేదా అంతకు మించిన పరిమాణం గల మరొక డిస్కుకు ఎత్తిపోయవచ్చు. డి.డి.రెస్క్యూ అనే ఉచిత సాధనం ఇందుకు పేరుపొందినది. దాని తెలివి అంతా వరుసలోనే ఉన్నది. చెక్కుచెదరని భాగాలను ముందు గబగబ తీసుకుంటుంది. మొరాయించే చోట్లను ఒక పట్టికలో గుర్తు పెట్టుకొని, చివరకు తీరికగా వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. మరమ్మతు చేసే ప్రోగ్రాములను మాత్రం పాత డిస్కు మీద నడపరాదు. అవి చదవడంతో ఆగక దిద్దడానికి పూనుకుంటాయి. దిద్దుబాట్లేవైనా ఉంటే నకలు మీదనే జరగాలి. నకలు తీసేటప్పుడు వ్యాసాలతోపాటు ఆ పాత ఫాంట్లను కూడా మరువరాదు. అవి లేకపోతే ఫైలు భద్రంగానే ఉంటుంది గాని, తెలుగు ఉండవలసిన చోట అర్థంలేని ఆంగ్లాక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి.

ఇక కాపురాలు పెట్టవచ్చు. విండోస్ ముందు, లినక్స్ వెనుక: ఇది అనుభవజ్ఞుల మాట, దీనికి కారణం లేకపోలేదు. పాత పద్ధతి యంత్రాలలో డిస్కు మొదటి గడి కేవలం 512 బైట్లు. అందులో 446 బైట్లలోనే యంత్రాన్ని మేల్కొలిపే సూచన ఇమడాలి. బూట్ అన్న మాట ఇక్కడిదే. తన బూట్ల పట్టీలు తానే పట్టుకొని తనను పైకి లేపుకోవడమనే ఆంగ్ల నానుడి నుండి వచ్చింది గనుక తెలుగులోకి దిగనని మొండికేసింది. ఆ చిన్న గడిలో విండోస్ తన సూచనను వ్రాసుకునేటప్పుడు అంతకుముందున్న వారెవరని అడగదు. లినక్స్ వెంట వచ్చే గ్రబ్ అనే ద్వారపాలకుడు ఇరువురికీ దారి చూపగలడు. కొత్త యంత్రాలలో ఇద్దరి సూచనలకూ ఒకే చిన్న విభాగంలో వేర్వేరు గదులున్నాయి కాని, ఆ గదుల చిరునామాలు మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఉంటాయి. డిస్కు మారినా అక్కడ పాత చిరునామాయే మిగిలి ఉండవచ్చు. అప్పుడు పెన్‌డ్రైవు నుండి లినక్స్‌ను నడిపి, గ్రబ్‌ను మరొకసారి నెలకొల్పితే కొత్త చిరునామా నమోదవుతుంది.

చిక్కులు మరికొన్ని లేకపోలేదు. 2021 నాటి గ్రబ్ 2.06 నుండి ఇతర వ్యవస్థలను వెదికే పని దానంతట అది జరగదు; అందువల్ల జాబితాలో విండోస్ పేరు కనిపించకపోతే అది పోయిందని గుండె పట్టుకోనక్కరలేదు, వెదకమని ఆజ్ఞ ఇస్తే చాలు. నకలుగా కాక కొత్తగా విభాగాలు చేసినప్పుడు ప్రతి విభాగానికీ కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. లినక్స్ పట్టికలో పాత సంఖ్యే ఉండిపోతే, లేని విభాగం కోసం తొంభై సెకండ్లు ఎదురుచూసి, మొదలు కాకుండానే ఆగిపోతుంది. అన్నిటినీ మించినది బిట్‌లాకర్. విండోస్ భాగానికి ఆ తాళం పడి ఉంటే 48 అంకెల సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్య లేనివారికి అక్షరం దక్కదు. ఈ తాళం తమ యంత్రానికి పడి ఉన్నదని ఎరుగని యజమానులు కూడా ఉంటారు గనుక, డిస్కు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ సంఖ్యను కాగితం మీద వ్రాసి బీరువాలో దాచుకోవడం మంచిది.

రెండూ లేచి కూర్చున్న తరువాత గడియారం సంగతి మిగులుతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక కాలమని విండోస్ భావిస్తుంది. అది విశ్వకాలమని లినక్స్ భావిస్తుంది. లినక్స్‌లో పని ముగించి విండోస్‌లోకి వస్తే ఉదయం పది గంటలకు తెల్లవారుజాము నాలుగున్నర అని కనిపిస్తుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉన్నదంటే చెడినది ఏదీ లేదు. స్థానిక కాలాన్నే పాటించమని లినక్స్‌కు ఒక్క ఆజ్ఞ ఇచ్చి, విండోస్‌లో సమయం ఒకసారి సరిదిద్దితే సరిపోతుంది.