నంబరు తుపాకీకి వెయ్యండి, గిరిజనుడికి కాదు

కూర్గ్ కొండల్లో తుపాకీ భుజాన వేసుకుంటే అది సంప్రదాయం. అరకు కొండల్లో వేసుకుంటే అది నేరం. దేశం ఒకటే. ఆయుధాల చట్టం ఒకటే. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తెచ్చారు? ఉత్తరాంధ్రకు ప్రత్యేక రాష్ట్రం కావాలని రోడ్డెక్కుతున్న మనం ఈ ప్రశ్న వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు?

తుపాకీ మాట ఎత్తగానే ఉలిక్కిపడే పెద్దలకు ముందే ఒక మాట చెబుతున్నాం. మేం ఇంటింటికీ తుపాకీ ఇమ్మని అడగడం లేదు. తరతరాలుగా మన్యం ఇళ్లలో ఉన్న నాటు తుపాకీని ఏం చెయ్యాలో తేల్చమని అడుగుతున్నాం. అది లేనట్టు నటించడం, అవసరమైనప్పుడు దాన్నే చూపించి కేసు పెట్టడం, ఇంకా అవసరమైతే కాల్చి చంపడం - ఈ పద్ధతి ఆపమంటున్నాం.

అసలు నాటు తుపాకీ అంటే ఏమిటి? మైదానంలో ఉన్న మన ఉద్యోగ మిత్రులకు, విద్యార్థులకు సినిమాల్లో చూసిన తుపాకులే తెలుసు. మన్యంలో ఉండేది అది కాదు. మూతి నుంచి మందు దట్టించి, ఒక్కసారి పేల్చి, మళ్లీ మొదటి నుంచి దట్టించుకోవాల్సిన పాతకాలపు సరుకు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. కర్ర విరిగితే కొత్త కర్ర బిగిస్తారు. ఏ ముక్క అరిగితే ఆ ముక్క మారుస్తారు. చివరికి తాతనాటి తుపాకీలో తాతనాటి ముక్క ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. అయినా అది తాత తుపాకీయే.

దానితో పనేమిటి? చోళ్లు, సామలు, కందులు, రాజ్‌మా వేసిన కొండపోడు మీదికి రాత్రిపూట పందుల మంద దిగితే తెల్లారేసరికి ఏడాది తిండి పోతుంది. మంచె మీద డప్పు కొట్టి, మంట వేసి, కేక పెట్టి తరుముతారు. అది చాలనప్పుడు తుపాకీ పేలుస్తారు. చైత్రమాసంలో ఇటుకల పండుగకు ఊరి మగవాళ్లంతా వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. అడవి జంతువుల చట్టం 1972 నుంచి ఉంది. వేట చాలావరకు నిషేధం. ఆ చర్చ వేరే చెయ్యాలి. కానీ కొండమీద తుపాకీ పుట్టింది పొలం కోసం, పండుగ కోసం. ఠాణా మీద దాడి కోసం కాదు.

ఇదే పని డబ్బున్న దేశంలో డబ్బున్నవాడు చేస్తే దాని పేరు సరదా. అమెరికాలో చిన్న పిస్టల్ ఒకటి కొనుక్కుని, దాని పిడి మార్చి, గొట్టం మార్చి, ట్రిగ్గర్ మార్చి, గురి చూసే అద్దం తగిలించి తన చేతికి తగ్గట్టు చేసుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ విడిభాగాలు అమ్మడానికి ప్రత్యేకంగా కంపెనీలు ఉన్నాయి. చివరికి విడిభాగాల కిట్ కొని ఇంట్లోనే పిస్టల్ బిగించుకునేదాకా పోయింది. నంబరు లేని ఆ తుపాకులతో నేరాలు పెరిగాయని గోల మొదలయ్యాక 2022లో అక్కడి ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. 2025 మార్చి 26న అమెరికా సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ నిబంధన ఏం చెప్పింది? కిట్‌కు కూడా నంబరు వెయ్యండి, కొనేవాడి పూర్వాపరాలు చూడండి, పుస్తకంలో రాసుకోండి అంది. అంత తుపాకుల దేశం కూడా చివరికి వచ్చి ఆగింది నంబరు దగ్గర, రికార్డు దగ్గర.

మన దగ్గర ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చెయ్యడమే కాదు, మార్చడం, మరమ్మతు చెయ్యడం కూడా నేరమే. 2019లో చేసిన సవరణతో శిక్షలు ఇంకా పెంచారు. లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటే తక్కువలో తక్కువ 2 ఏళ్లు, ఎక్కువైతే 5 ఏళ్లు జైలు. తయారీ కేసు అయితే 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. ముంబై ముఠాలను, బీహార్ తుపాకుల బట్టీలను దృష్టిలో పెట్టుకుని రాసిన శిక్షలు ఇవి. కొండమీద విరిగిన కర్రకు కొత్త కర్ర బిగించుకున్న రైతు మీద కూడా ఇవే పడతాయి.

ఇక్కడ మన పాలకులు మనకు చెప్పని సంగతి ఒకటుంది. 1959 నాటి అదే ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ చదవండి. నిజంగా పంట కాపలా కోసమని మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడిగితే, అధికారి ఇచ్చి తీరాలి అని అందులో ఉంది. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి అని. అనర్హతలు ఏమైనా ఉంటే అది వేరే సంగతి. పిస్టల్, రివాల్వర్ అడిగేవాడు మాత్రం తనకు తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. 14వ సెక్షన్ ఇంకో మాట చెప్పింది. ఆస్తి లేదన్న ఒక్క సాకుతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని.

అంటే చట్టం దృష్టిలో నడుముకు దోపుకునే పిస్టల్ కన్నా మంచె మీది నాటు తుపాకీకే హక్కు ఎక్కువ. మరి ఆచరణలో ఏం జరుగుతోంది? పిస్టల్ లైసెన్సు ఎవరి నడుముకు ఉందో పట్నంలో ఏ పెళ్లికి పోయినా కనపడుతుంది. 2014లో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమని నిర్భీక్ అనే చిన్న రివాల్వర్ తెచ్చింది. బరువు అర కిలో. ధర లక్షా ఇరవై వేల పైమాటే. నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి అమ్మింది. కొనగలిగినవాడికి సర్కారే తయారు చేసి పెడుతుంది. కొనలేనివాడు తాత తుపాకీ బాగుచేసుకుంటే అదే సర్కారు జైల్లో పెడుతుంది. మన్యంలో 13వ సెక్షన్ ఉందని ఊరూరా చెప్పిన అధికారి ఒక్కరైనా ఉన్నారా? తుపాకులు అప్పగించండి అని చాటింపు వేసిన పోలీసులు, లైసెన్సు అడిగే హక్కు మీకుంది అని ఒక్క చాటింపు వేశారా?

ఈ చట్టం పుట్టుక చూస్తే జవాబు తెలుస్తుంది. దీనికి తాత 1878 నాటి చట్టం. 1857 చూసి బెదిరిన తెల్లదొరలు, లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తెచ్చారు. దొరలకు మినహాయింపు, నల్లవాడికి లైసెన్సు. మరుసటి ఏడాదే, 1879లో రంప కొండలు భగ్గుమన్నాయి. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. తుపాకీ పోయింది, తర్వాత అడవి పోయింది. ఒకదాని వెనక ఒకటి. అందుకే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ముందుగా వెళ్లింది ఖజానాకు కాదు. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి - మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. తీసుకున్నది తుపాకులు, తూటాలు. ఏమేం తీసుకున్నదీ స్టేషన్‌లోనే రాసిపెట్టి మరీ వెళ్లాడని ఈ ప్రాంతంలో పిల్లవాడికి కూడా తెలుసు. తిరగబడినవాడు కూడా లెక్క రాశాడు. నూరేళ్లు దాటాక పాలించేవాడు లెక్క రాయడానికి వెనకాడుతున్నాడు. 2022 ఏప్రిల్‌లో ఆయన పేరు పెట్టి జిల్లా చేశారు. పేరు పెట్టడం తేలిక. ఆయన మనుషుల మీద ఉన్న చట్టాన్ని సరిచెయ్యడమే కష్టం.

లెక్క రాయకపోతే ఏమవుతుందో 2019 మార్చిలో చూశాం. పెదబయలు మండలం బూరదమామిడి దగ్గర ఇద్దరు గిరిజనులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులు అన్నారు పోలీసులు. వేటకు పోయిన మా మనుషులు అన్నారు ఊరివాళ్లు. పౌరహక్కుల సంఘాలు కూడా ఊరివాళ్ల మాటే చెప్పాయి. దానికి ఆరు నెలల ముందు, 2018 సెప్టెంబర్ 23న లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు చంపారు. ఆ భయం, ఆ కోపం అడవిలో ఉన్నాయి. నిజమే. కానీ చీకట్లో తుపాకీ నీడ కనబడితే మావోయిస్టు, తెల్లారి చూస్తే రైతు - ఈ లెక్క ఎన్నాళ్లు? ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఎన్ని నాటు తుపాకులు ఉన్నాయో సర్కారు పుస్తకంలో ఉండి ఉంటే, ఫలానా ఊరివాళ్లు ఫలానా చోటికి పోతారని ఠాణాకు ముందే తెలిసి ఉంటే, కాల్చే ముందు ఒక్క క్షణం ఆగడానికి అవకాశం ఉండేది.

రెండోవైపు కూడా చూద్దాం. నాటు తుపాకీ అమాయకమైన బొమ్మ కాదు. మందు పేలి చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పొదలో కదిలింది పంది అనుకుని కాలిస్తే తోటి మనిషి ప్రాణం పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. చిల్లంగి అనుమానంతో పెద్దవాళ్లను కాల్చిన ఘోరాలూ మన్యంలో జరిగాయి. వీటిని దాచిపెడితే మనం కూడా పాలకుల్లాగే అబద్ధం ఆడినట్టు. అయితే ఈ ప్రమాదాలన్నీ జరుగుతున్నది నిషేధం ఉండగానే. భయంతో దాచిన తుపాకీని ఎవరూ పరీక్షించరు. దొంగతనంగా బాగుచేసిన గొట్టం ఎప్పుడు పగులుతుందో ఎవరికీ తెలియదు. గొడవలమారి చేతిలోంచి ఎవరూ లాక్కోలేరు, ఎందుకంటే అది లెక్కలోనే లేదు. నంబరు ఉన్న తుపాకీకి ఒక యజమాని ఉంటాడు. యజమాని ఉన్న తుపాకీకి ఒక జవాబుదారీ ఉంటుంది.

నాటు తుపాకులు మావోయిస్టుల చేతికి పోతాయన్నది ఇన్నాళ్లూ చెప్పిన సాకు. 2025 నవంబర్‌లో మారేడుమిల్లి అడవుల్లో మాడవి హిడ్మా చనిపోయాక, మావోయిస్టుల పని అయిపోయిందని చెబుతున్నది ఈ పాలకులే. అయిపోతే ఇక సాకు దేనికి?

ఇలా చెయ్యడం కుదరదని ఎవరైనా అంటే పక్క రాష్ట్రాలు చూపించండి. కర్ణాటకలో కూర్గు కొడవలకు బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. తుపాకీని పూలతో పూజించే పండుగే వాళ్లకుంది. 2019లో కేంద్రం ఆ మినహాయింపును 2029 దాకా పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. కొడవల మీద మాకు అసూయ లేదు. వాళ్ల సంప్రదాయాన్ని గౌరవించిన ఢిల్లీకి బగత, కొండదొర, పోర్జ, గదబ, కోందు సంప్రదాయం ఎందుకు కనపడదన్నదే మా ప్రశ్న. కేరళలో 2022 నుంచి పంట పాడుచేసే పందిని కాల్చే అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీ అధ్యక్షుల చేతికి వచ్చింది. లైసెన్సు ఉన్నవాడు కాలుస్తాడు, పంచాయతీ రాసుకుంటుంది. ఆకాశం ఊడిపడలేదు.

మేం అడిగేది నాలుగు ముక్కలు. ఒకటి, మన్యంలో గడువు పెట్టి, నాటు తుపాకీ తెచ్చి చూపించిన ఎవరి మీదా కేసు పెట్టబోమని రాతపూర్వకంగా ప్రకటించాలి. రెండు, పాడేరు చుట్టూ తిప్పకుండా సంత రోజున సంతలోనే శిబిరం పెట్టి, గ్రామసభ సిఫారసు మీద 13వ సెక్షన్ కింద పంట కాపలా లైసెన్సు ఇవ్వాలి. పనికిరాని, ప్రమాదకరమైన తుపాకీని పరిహారం ఇచ్చి తీసుకోవాలి. మూడు, చిల్లంగి బెదిరింపులు, కొట్లాటలు ఉన్నవాడికి ఇవ్వొద్దని చెప్పే అధికారం గ్రామసభకే ఉండాలి. 1996 పెసా చట్టం వచ్చి ఇన్నేళ్లయింది, గ్రామసభను ఒక్క పనికైనా పెద్దమనిషిగా చూడండి. నాలుగు, పందులు తిన్న పంటకు నష్టపరిహారం తుపాకీతో సంబంధం లేకుండా రావాలి. పరిహారం సరిగా వస్తే తుపాకీ పేల్చే అవసరమూ తగ్గుతుంది.

దీనికి పార్లమెంటు చట్టం మార్చనక్కర్లేదు. లైసెన్సు ఇచ్చేది జిల్లా అధికారి. ఇంకా కావాలంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఉంది. పార్లమెంటు చేసిన ఏ చట్టాన్నయినా షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ ప్రకటించే అధికారం గవర్నరుకు ఇచ్చింది. గిరిజన భూమిని కాపాడే 1/70 కూడా అదే షెడ్యూలు కింద వచ్చిందే. దారి ఉంది. నడిచే కాళ్లు లేవు.

ఉద్యమ మిత్రులకు కూడా ఒక మాట. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. ఆదివాసీ చేతికి పోడు పట్టాలు పెద్ద ఎత్తున పంచడం మొదలైంది 2023 జూన్ చివరిలో, ఎన్నికల ఏడాదిలో. రాష్ట్రం రావడానికీ కొండమీది మనిషికి న్యాయం రావడానికీ మధ్య తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లు మన దగ్గర వృథా కాకూడదంటే ఇప్పుడే మాట ఇవ్వాలి. మన సభల్లో ఓడరేవు గురించి, ఉక్కు ఫ్యాక్టరీ గురించి, ఉద్యోగాల గురించి చాలా మాట్లాడుతున్నాం. మంచిదే. అరకు కాఫీ గురించి గొప్పగా చెప్పుకుంటున్నాం. అదీ మంచిదే. ఆ కాఫీ తోట పక్కనే రాత్రంతా మంచె మీద కూర్చునే మనిషి గురించి మన కోరికల పత్రంలో ఒక్క వాక్యం లేదు. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు ఆ వాక్యం రాయించాలి.

కొండ దిగివచ్చి మనతో జెండా పట్టుకోమని గిరిజనుణ్ని పిలుస్తున్నాం. రేపు వచ్చే రాష్ట్రంలో కూడా అతన్ని ఖైదీ నంబరుతో పిలిచేటట్టయితే ఆ జెండా అతనికెందుకు?