పొగాకు కూడా ఆకే కదా! పిల్లికి ఘాటు నూనెలు వద్దు



“పిల్లికి ఒంటి పురుగులు పడితే నీలగిరి తైలం రాయండి, లవంగ నూనె రాయండి, టీ ట్రీ ఆయిల్ నాలుగు చుక్కలు వెయ్యండి. అంతా నేచురల్, ఏమీ కాదు” అనే మెసేజ్ మన ఫోన్లలో తిరుగుతా ఉంది. మా అభిప్రాయం సూటిగా చెప్తాము. రాయవద్దు. పిల్లికీ చేటు, పంటకూ చేటు.

పిల్లి సంగతి పట్టు రైతులకెందుకని కొందరు అడగవచ్చు. శిడ్లఘట్ట, చింతామణి పక్క గానీ, హోసూరు, డెంకణికోట పక్క గానీ, షెడ్డు ఉన్న ఇంట్లో పిల్లిని పెట్టుకునేది ముద్దుకు మాత్రమే కాదు. ఎలుకకు పండుపురుగన్నా ఇష్టమే, చంద్రికలో గూడన్నా ఇష్టమే. ఎలుకల మందు పెడదామంటే ఆకు, తట్టలు, చిన్నపిల్లలు అన్నీ అక్కడే. అందుకే పిల్లి మనకు జీతం లేని కావలిమనిషి.

ముందు ఏ పురుగో తెలుసుకోవాలి. చర్మానికి అతుక్కొని నెత్తురు తాగి ఉబ్బేది పిడుదు. మేము చెప్పేది అది కాదు. వెంట్రుకల మధ్య సన్నగా, గోధుమరంగులో పరుగెత్తి, పట్టుకోబోతే చటుక్కున ఎగిరి దూకేది. డాక్టర్లు దాన్ని ఫ్లీ అంటారు.

“నేచురల్ అయితే మంచిదే” అనే మాట ఎవరు నమ్మినా పట్టు రైతు నమ్మకూడదు. పొగాకు తోట పక్కన మనము మల్బరీ పెట్టము. పొగాకు నమిలిన చేత్తో పురుగులకు ఆకు వెయ్యనివ్వము. పొగాకు ఏ ఫ్యాక్టరీలో పుట్టింది? అదీ ఆకే కదా! వేప మందు కొట్టిన తోటలో ఆకు కోయడానికి రోజులు లెక్కపెట్టుకుంటాము. వేప చెట్టు నేచురల్ కాదా? చెట్టు నుంచి వచ్చిందా, సీసా నుంచి వచ్చిందా అనేది కాదు ప్రశ్న. ఏ ప్రాణికి, ఎంత మోతాదు అనేదే ప్రశ్న. మోపుల కొద్దీ ఆకు కాచి దించితే వచ్చేది చిన్న సీసా నూనె. ఆకు వేరు, ఆ నూనె వేరు.

పిల్లి కాలేయానికి ఒక పని సరిగా చేతకాదు. మనుషుల కాలేయం ఇట్లాంటి ఘాటు పదార్థాలను విరిచి, గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపిస్తుంది. పిల్లిలో ఆ శక్తి చాలా తక్కువ. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలిగేది కూడా ఇందుకే. పైగా పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. వీపు మీద రాసిన నూనె చర్మంలో ఇంకేది కొంత, కడుపులోకి పోయేది కొంత.

అమెరికాలో 2002 నుంచి 2012 వరకు, నీళ్లు కలపని టీ ట్రీ నూనె తగిలి జబ్బుపడిన కుక్కలు, పిల్లుల కేసులు 443 లెక్కకు వచ్చాయి. అందులో 106 పిల్లులు. చాలావరకు యజమానులే మంచి జరుగుతుందని పూసినవి. చొల్లు కారడం, తూలడం, వణకడం, కాళ్లలో బలం లేకపోవడం, ముడుచుకొని పడుండడం దీని గుర్తులు. కొన్ని గంటల్లోనే మొదలవుతాయి.

ఇప్పటికే ఎవరైనా రాసి ఉంటే, గిన్నెలు తోమే సబ్బునీళ్లు గోరువెచ్చగా చేసి నూనె పోయేదాకా కడగండి, తుడిచి వెచ్చగా ఉంచండి. వాంతి చేయించవద్దు. ఆ సీసా పట్టుకొని పశువుల ఆసుపత్రికి పోండి.

ఇంక మన పంట సంగతి. ఫ్లీ ఒక పురుగు, పట్టుపురుగూ ఒక పురుగే. ఆ పురుగును చంపేది ఈ పురుగును వదిలిపెడుతుందని పూచీ ఎవరు ఇస్తారు? షెడ్డులో దోమల కాయిల్, అగరబత్తి వెలిగించనివాళ్లము, ఘాటు నూనె పూసిన పిల్లిని ఆకు గదిలో ఎట్లా తిరగనిస్తాము?

నూనె రాసినా పని పూర్తి కాదు. ఫ్లీ పెట్టే గుడ్లు పిల్లి ఒంటిమీద నిలవవు. అది పడుకునే గోనెలో, ఇంటి మూలల్లో రాలిపోతాయి. అక్కడే పిల్లపురుగులై, గూడు కట్టుకొని నెలల తరబడి కాచుకొని ఉండగలవు. గూడులో పురుగు ఎట్లా దాక్కుంటుందో మనకు ఒకరు చెప్పాలా?

మేము చెప్పే దారి ఇది:

1. పేన్ల దువ్వెనతో రోజూ దువ్వండి. దువ్వెన సబ్బునీళ్లలో ముంచితే ఫ్లీలు అందులోనే చస్తాయి.

2. పిల్లి పడుకునే గోనె, గుడ్డలు వారానికొకసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యండి. మూలలు ఊడ్చి చెత్త ఇంటికి దూరంగా పారెయ్యండి.

3. పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిల్లికి ముట్టించవద్దు. పిల్లికి ప్రమాదం, పట్టుపురుగుకు మరీ ప్రమాదం.

4. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు పిల్లి బరువు చూసి మందు ఇస్తారు. “మా ఇంట్లో పట్టుపురుగులు ఉన్నాయి” అని ముందే చెప్పండి. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి పిల్లికి సరిపోయినా మన పురుగులకు విషమే. గూళ్లు మార్కెట్టుకు పోయి షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వేయించుకునేది మేలు. వేసినవాళ్లు చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకోవాలి. బ్లీచింగ్, సున్నం పని జరిగే షెడ్డులోకి పిల్లిని రానివ్వకండి.

5. పంట మధ్యలో అయితే దువ్వెనతో నెట్టుకురండి. పిల్లికూన చిగుళ్లు తెల్లబడితే నెత్తురు తగ్గిందని గుర్తు, ఆలస్యం చెయ్యకండి. మందు వేయించి, గూళ్లు దించేదాకా పట్టుపురుగులు లేని చుట్టాలింట్లో ఉంచండి.

డాక్టరు దూరం, ఖర్చు అని కొందరు అంటారు. నిజమే. కానీ పేన్ల దువ్వెన, సబ్బు, ఎండ మన ఇంట్లోనే ఉన్నాయి. వాటితోనే సగం పని అయిపోతుంది. నాలుగో జ్వరం దాటి, ఆకంతా మేపిన పురుగులు పోతే, ఆ ఖర్చు ముందర ఆసుపత్రి ఖర్చు ఎంత?

ఇట్లాంటి చిట్కా ఏది వచ్చినా పంపించే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఆ జీవానికి పడుతుందా? పక్కనున్న మన పురుగులకు పడుతుందా? రెండింటికీ జవాబు తెలిస్తేనే ఇంకొకరికి పంపించండి.