ప్రీ లాంచ్‌లో పెట్టినవాళ్లంతా ఆశపోతులేనా?

ప్రీ లాంచ్ ఫ్లాట్ల పేరుతో జనం మోసపోయారని పేపర్లో వార్త వస్తే చాలు, మా హాస్టల్ మెస్‌లో ఎవడో ఒకడు అంటాడు: "చవగ్గా వస్తోందంటే ఎగబడతారు, బాగా అయింది." ఆ మాట నాకు నచ్చదు. ఎందుకో చెప్పాలంటే కొన్ని లెక్కలు చూడాలి. భరించండి, బీటెక్ వాళ్లమే కదా!

బాచుపల్లి వైపు ఇంకా కడుతున్న ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 75 లక్షలు అనుకుందాం. ఇంత లోనుకి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, అంటే 60 లక్షలు. మిగతా 15 లక్షలు మన జేబులోంచి. జీఎస్టీ 5 శాతం, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వగైరా ఇంకో 7.5 శాతం. అన్నీ కలిపితే అటూ ఇటుగా 24 లక్షలు చేతిలో ఉంటేనే కథ మొదలవుతుంది. ఆపైన 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నెలకి 52 వేల కిస్తీ. మొదటి కిస్తీలో వడ్డీయే 42,500! (ఇంటర్లో గుణశ్రేఢి మార్కుల కోసం బట్టీ పట్టాం. అది ఇలా వచ్చి మీద పడుతుందని ఏ సారూ చెప్పలేదు.) చివరికి ఆ ఇంటికి మనం పెట్టేది దాదాపు కోటిన్నర.

ఇప్పుడు ఒకాయన వచ్చి, "మొత్తం ఒకేసారి కట్టండి, ఇదే ఫ్లాటు 42 లక్షలకి ఇస్తాం" అంటే? మా పెద్దమ్మ కొడుకు 2021లో కట్టాడు. పెద్దనాన్న ఊళ్లో పొలం అమ్మారు, పెద్దమ్మ గాజులు తీసిచ్చింది. కోటిన్నరకీ 42 లక్షలకీ తేడా చూసినవాణ్ణి ఆశపోతు అనలేను. ఇవాళ అక్కడ ఎర్రమట్టి, ఓ బోర్డు ఉన్నాయి. అన్నయ్య ఇంకా అద్దె కడుతున్నాడు. సంబంధాలవాళ్లు "సొంతిల్లుందా?" అని అడిగితే పెద్దమ్మ "కడుతున్నారండీ" అంటుంది.

నిజానికి 2016 నాటి రెరా చట్టం చాలా స్పష్టంగానే ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా, రెరాలో రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి అడగకూడదు. వసూలైన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు స్థలానికీ కట్టుబడికీ వేరే ఖాతాలో ఉంచాలి. ప్రీ లాంచ్‌లో మనం వదులుకునేది సరిగ్గా ఈ రక్షణలనే. బిల్డరు బయట వడ్డీకి తెచ్చుకోవాల్సిన సొమ్ము మన దగ్గర వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా తీసుకుంటున్నాడు. ఆ "డిస్కౌంట్" వెనకున్న అసలు సంగతి అదీ.

రిజిస్టర్ చేయించని బిల్డరుకి ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా వేసే అధికారం కూడా చట్టంలో ఉంది. అయినా ఫ్లెక్సీలు పట్టపగలే మెట్రో పిల్లర్ల పక్కన వేలాడుతుంటాయి. ఫ్లెక్సీ కట్టిన రోజు చూడనివాళ్లు, పొలం పోయాక ఫిర్యాదు తీసుకుని ఏం లాభం? నా కోపమంతా ఇక్కడే. చవకకి ఆశపడ్డాడని కొన్నవాణ్ణి తిట్టడం తేలిక. రోడ్డు మీద కనిపిస్తున్న బోర్డు కింద రెరా నంబరు ఉందో లేదో చూడటం అంతకన్నా తేలిక, ఆ పని చేయడానికి జీతాలు తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు కూడా.

మనలో చాలామందికి ఈ ఏడాదే ఆఫర్ లెటర్లు వచ్చాయి. మొదటి జీతం పడిన నెలలోనే ఏ బాబాయో రంగురంగుల బ్రోచర్ పట్టుకొస్తారు. ఆయన మంచివారే అయ్యుంటారు, కాదనను. ఆ బ్రోచర్ పట్టుకుని మీ బ్యాంకుకెళ్లి దీనికి లోను ఇస్తారా అని అడగండి. పర్మిషన్లు లేవు, కుదరదు అంటారు. అన్ని వేల కోట్లున్న బ్యాంకే ఇవ్వడానికి భయపడే చోట మా పెద్దనాన్న పొలం ఎందుకివ్వాలి?