బిల్లు లేని సరుకు

ఇటీవల ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని వస్తుండగా మసీదు మెట్ల దగ్గర ఒక సోదరుడు మమ్మల్ని ఆపారు. ఆయనకు మా ఊళ్ళో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు తెలుగులోనూ ఉర్దూలోనూ చేసిస్తారు. చిల్లర రూపాయి ఎక్కువ వచ్చినా పిలిచి తిరిగి ఇచ్చే మనిషి.

"మౌల్వీ సాబ్, మా పెద్దవాడు నా నోరు మూయించాడు" అన్నారాయన.

సంగతి ఏమిటంటే, తొమ్మిదో తరగతి చదివే ఆ అబ్బాయి ఫోనులో ఒక ఆట పెట్టుకున్నాడు. డబ్బు పెట్టి కొనవలసిన నాణేలు, ఆయుధాలు ఊరికే వచ్చేలా ఎవరో మార్చిపెట్టిన నకలు అది. తండ్రి చూసి మందలించారు. కొనవలసినదాన్ని కొనకుండా వాడుకుంటే దాన్ని ఏమంటారని నిలదీశారు. కొడుకు తల వంచుకొనే ఒక్క మాట అడిగాడట: "అబ్బా, మన షాపు కంప్యూటర్లో ఉన్న ఉర్దూ సాఫ్ట్‌వేర్‌కు బిల్లు ఎక్కడుంది?"

ఆ సోదరుడికి జవాబు దొరకలేదు. నిజం చెప్పాలంటే మాకూ వెంటనే దొరకలేదు. ఎందుకంటే మా మద్రసా పరీక్షల ప్రశ్నపత్రాలు ఏళ్ళ తరబడి తయారైంది ఆ కంప్యూటర్ మీదనే. ఏనాడూ మేము ఆ బిల్లు గురించి అడగలేదు.

ఈ విషయం మీద మన ఇళ్ళల్లో వినిపించే వాదనలు పాఠకులకు కొత్త కావు. "నేను నకలు తీసుకుంటే అసలు అక్కడే ఉందిగా, ఎవరికి నష్టం?" అంటారు ఒకరు. "కోట్లు గడించే కంపెనీకి నా వెయ్యి రూపాయలు ఒక లెక్కా?" అంటారు ఇంకొకరు. "విద్యకు వెల కట్టడమే తప్పు" అని మూడోవారు అంటారు. ఈ మాటల్ని కొట్టిపారేసే ముందు, ఆ షాపులో ఉన్న అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి చూద్దాం.

ఉర్దూ నస్తాలీఖ్ లిపి మామూలు అచ్చుకు లొంగే లిపి కాదు. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపం మార్చుకుంటుంది, ఏటవాలుగా కిందికి దిగుతుంది. అందుకే ఉర్దూ పత్రికలు ఎంతో కాలం కాతిబుల చేతిరాత మీదనే నడిచాయి. కాతిబులు రాత్రంతా కూర్చొని రాస్తేనే తెల్లవారి పత్రిక వచ్చేది. మీర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు వేలాది అక్షర సంయోగాలను తన చేత్తో రాసి, వాటిని కంప్యూటర్‌కు అందేలా చేశారు. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోర్ నుంచి జంగ్ దినపత్రిక ఆ అక్షరాలతో వెలువడింది. 1994లో ఢిల్లీకి చెందిన ఒక కంపెనీ ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చిన తరువాత, వీధి చివరి షాపులో కూడా ఉర్దూ అచ్చు సాధ్యమైంది.

అంతటి శ్రమ మన ఊళ్ళకు ఎలా చేరింది? ముందు సీడీల మీద, తరువాత పెన్‌డ్రైవుల్లో, చేతి నుంచి చేతికి, ఎక్కువచోట్ల బిల్లు లేకుండానే చేరింది. తెలుగు ఫాంట్ల కథ కూడా ఇంతే. గుణింతాలు, ఒత్తులు అన్నీ కుదిరేలా ఒక తెలుగు ఫాంటు గీయడానికి నెలల శ్రమ పడుతుంది. దాన్ని నకలు తీయడానికి నిమిషం చాలు.

ఇప్పుడు మొదటి వాదన తీసుకుందాం. అసలు అక్కడే ఉన్న మాట నిజం. కానీ కూలివాణ్ణి రోజంతా పని చేయించుకొని సాయంత్రం ఉత్తి చేతులతో పంపితే అతని చేతులు కూడా అతని దగ్గరే ఉంటాయి. పోయేది అతని శ్రమ ఫలం. కంపెనీ పెద్దదనే రెండో వాదనా నిలవదు. అంగడి పెద్దదైతే అందులోంచి చక్కెర పొట్లం జేబులో వేసుకోవడానికి మనలో ఎవరం ఒప్పుకుంటాం? తూకంలో తక్కువ చేసేవారిని దివ్యఖుర్ఆన్ ఎంతగా హెచ్చరించిందో మనకు తెలుసు. ఇచ్చేటప్పుడు ఒక తక్కెడ, తీసుకునేటప్పుడు ఇంకో తక్కెడ ఉండకూడదు.

మూడో వాదన మాత్రం ఆలోచించదగ్గది. విద్యను తాళం వేసి దాచరాదన్న ఉద్దేశంతో గ్రంథ హక్కులు అమ్ముకోవడాన్ని అంగీకరించని ఉలమాలు ఉన్నారు. అయితే 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ రచన మీద, ఆవిష్కరణ మీద, వ్యాపార నామం మీద వాటి యజమానులకు ఉన్న హక్కును షరీఅత్ కాపాడుతుందనీ, దాన్ని అతిక్రమించరాదనీ తీర్మానించింది. సాటి మనిషి హక్కు విషయం కనుక తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

మన దేశ చట్టం కూడా ఈ రెండు వైపులనూ చూసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, నకిలీదని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. వ్యాపార లాభం కోసం కాకుండా వాడినట్లయితే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకు ఉంది. అదే చట్టం విద్యకు ద్వారాలు కూడా తెరిచింది. ఉపాధ్యాయుడు పాఠం చెప్పే క్రమంలో, ప్రశ్నపత్రం తయారు చేసే క్రమంలో పుస్తకంలోని భాగాన్ని ఎత్తి రాసుకోవచ్చు. 2016లో ఢిల్లీ హైకోర్టు, విశ్వవిద్యాలయ విద్యార్థుల పాఠ్యభాగాల జిరాక్సు కేసులో ఈ వెసులుబాటునే సమర్థించింది. రచయిత మరణించిన అరవై ఏళ్ళకు ఆ రచన అందరిదీ అవుతుంది. కాబట్టి చట్టమంటే కేవలం తాళం అనుకోవడం పొరపాటు.

అలాగని అమ్మేవారంతా న్యాయంగా ఉన్నారని మేము అనడం లేదు. 2014లో ఉబిసాఫ్ట్ కంపెనీ 'ది క్రూ' అనే కారు పందేల ఆటను అమ్మింది. 2024 మార్చి 31న దాన్ని నడిపే సర్వర్లను ఆపివేసింది. డబ్బు పెట్టి కొన్నవారి దగ్గర కూడా ఆ ఆట పనిచేయకుండా పోయింది. మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని అమ్మకందారులు స్పష్టంగా చెప్పాలని అదే ఏడాది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. అమ్మేవాడి తక్కెడ కూడా సరిగా ఉండాలని అడగడం మన హక్కు. కానీ ఒకరి తక్కెడ వంకరగా ఉందని మన తక్కెడ వంచుకోవడం న్యాయం కాదు.

మరి పేదవారి మాట ఏమిటి? ఇక్కడే మాకు ఎక్కువ బాధ కలుగుతున్నది. బిల్లు లేని సరుకుకు అలవాటుపడి, ఊరికే న్యాయంగా దొరికేదాన్ని మనం చూడనే లేదు. ఉత్తరాలు, పత్రాలు, లెక్కలు చేసుకోవడానికి లిబ్రే ఆఫీస్ ఉంది. దానికి వెల లేదు, అందులో తెలుగూ ఉర్దూ రెండూ రాయవచ్చు. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటును గూగుల్ ఉచితంగా ఇచ్చింది. తెలుగుకు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా అందించారు. సిలికానాంధ్ర సంస్థ పొన్నాల, మండలి, గిడుగు, రామభద్ర వంటి ఫాంట్లను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. తమ శ్రమను మనస్ఫూర్తిగా దానం చేసినవారు ఇందరుండగా, దానం చేయనివారి శ్రమను లాక్కోవలసిన అవసరం ఏముంది?

పిల్లల ఆటల విషయంలో తల్లిదండ్రులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎవరో మార్చి పంచిన ఆట నకలులో ఏముందో చెప్పగలవారు ఎవరూ ఉండరు. అది ఫోనులోని మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, పిల్లవాడు సరే అని నొక్కుతాడు. ఇంటి బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ ఫోనుకే. ఊరికే వచ్చిన నాణేల కోసం ఇంటి తాళం చెవి అపరిచితుడి చేతికి ఇచ్చినట్లవుతుంది.

అయితే పిల్లలకు ఈ మాటలు చెప్పే ముందు పెద్దలమైన మనం మన కంప్యూటర్లు, మన ఫోన్లు ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఈ ఏడు మా మద్రసా అర్ధ సంవత్సర ప్రశ్నపత్రాలను ఉచిత ఉర్దూ ఫాంటులో చేయించాం. ఆ అక్షరాలకు వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఒక పేజీలో పట్టే పత్రం ఒకటిన్నర పేజీ అయింది. కాగితం ఖర్చు పెరిగిందని కమిటీ పెద్దలు కాస్త గొణిగారు. కారణం చెప్పిన తరువాత ఎవరూ కాదనలేదు.

మొన్న ఆ సోదరుడు మళ్ళీ కలిశారు. పెళ్ళి కార్డులకు పాత అక్షరాలే అందంగా ఉండేవని కొందరు గిరాకీలు అంటున్నారట. ఒక కంప్యూటర్‌కైనా బిల్లుతో సాఫ్ట్‌వేర్ కొనాలని రోజూ కొంత పక్కన పెడుతున్నానని చెప్పారు. అబ్బాయి ఆ ఆట తీసేశాడా అని మేము అడిగాం.

"ముందు నా షాపు సంగతి తేలనివ్వండి మౌల్వీ సాబ్, వాణ్ణి తరువాత అడుగుతాను" అన్నారాయన.