పండగలొద్దు, మండలానికో కోచ్‌ను ఇవ్వండి

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల తల్లిదండ్రులకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, సర్పంచులకు:

మొన్న మా మండల హైస్కూలు గ్రౌండులో సభ పెట్టారు. జేసీబీతో నేల చదును చేశారు, బస్సులు తిప్పారు. మర్నాడు పొద్దున ఆడపిల్లలు ఖోఖో ప్రాక్టీసుకు వస్తే కోర్టు లేదు, పాతిన స్తంభాలు లేవు. అడిగితే ఒక పెద్దమనిషి అన్నాడు: "ఆటలే కదమ్మా, ఇంకో చోట ఆడుకోండి."

ఆటలే కదా! ఆ ఆటలే మన జిల్లా పల్లెపిల్ల బారెడ్డి అనూషకు 2023 జూలైలో భారత జట్టు జెర్సీ తొడిగి బంగ్లాదేశ్‌లో బౌలింగ్ చేయించాయి. ఆమెకు బంతి తిప్పడం నేర్పిన గ్రౌండు ప్రభుత్వానిది కాదు, ఆర్.డి.టి.ది. 1969లో ఈ కరువు నేలకు వచ్చిన ఫాదర్ ఫెర్రర్ పెట్టిన సంస్థ అది. 2010లో టెన్నిస్ ఆటగాడు నాదల్ వచ్చి టెన్నిస్ బడి తెరిచింది ఆ సంస్థ క్రీడాగ్రామంలోనే. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఎక్కువగా జరిగిందీ అక్కడి స్టేడియంలోనే. జిల్లా ఆటలంటే ఎవరైనా చూపించేది ఒక్క ఆ ప్రహరీగోడ లోపలివే. గోడ బయట ఉన్న మండలాల సంగతి ఎవరడిగారు?

2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడింది. జనం రోడ్డెక్కారు. ఆసుపత్రుల కోసం, ఇళ్ళ కోసం ఎక్కారు, న్యాయమే. కానీ ఆ రోజుల్లో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉండింది. స్పెయిన్‌లో ఎవరో పంపే డబ్బు ఆగితే మన పిల్లల బంతి ఆగిపోవాలా? ఇన్నేళ్ళు సర్కారు ఏం చేస్తున్నట్టు?

పండగలు చేస్తోంది. 2023 డిసెంబర్ 26న ఒక ప్రభుత్వం 'ఆడుదాం ఆంధ్రా' అంది. ఊరూరా కిట్లు దిగాయి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. విశాఖలో ఫైనల్స్ అయ్యాయి, కప్పులిచ్చారు, ఫొటోలు దిగారు. మర్నాడు పొద్దున ఐదింటికి మా గ్రౌండుకు వచ్చి విజిల్ ఊదినవాడు ఒక్కడూ లేడు. తర్వాతి ప్రభుత్వం 2024లో కొత్త క్రీడా విధానం తెచ్చి ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లన్నది, ఉద్యోగాల్లో కోటా 3 శాతమన్నది. పతకం తెచ్చినవాడికి కోట్లిస్తారు సరే, తెచ్చేదాకా వాణ్ణి ఎవరు సాకాలి? శనక్కాయ పంటకు విత్తనం ఇవ్వకుండా, కాయలు తెస్తే మంచి ధర ఇస్తామన్నట్టుంది ఈ బేరం.

ఇక వాతావరణం సాకు. ఎండలెక్కువ, వాన లేదు, ఇక్కడేం ఆటలు అంటారు. అలా అనేవాళ్ళు ఫ్రీస్టైల్ స్కీయింగ్‌లోని ఏరియల్స్ గురించి వినాలి. మంచు వాలు మీద జారి, గాల్లోకి లేచి పిల్లిమొగ్గలు వేసి దిగే ఆట. ఆస్ట్రేలియాలో మంచు తక్కువ. అయినా 1998లో శీతాకాల క్రీడల సంస్థ పెట్టుకుని, జిమ్నాస్టిక్స్ చేసిన ఆడపిల్లలను ఏరి, వాళ్ళకు స్కీలు కట్టారు. 2002లో అలీసా కాంప్లిన్, 2010లో లిడియా లసీలా ఏరియల్స్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. లిడియా ఆ సంస్థ ఏరి తెచ్చుకున్న జిమ్నాస్టే. ఇప్పుడు మంచే పడని బ్రిస్బేన్‌లో ర్యాంపు మీంచి నీళ్ళలోకి దూకుతూ సాధన చేస్తున్నారు. చైనా కూడా జిమ్నాస్టులనే మళ్ళించింది. 1998 నగానోలో రజతం, 2006 టురిన్‌లో హాన్ షియావ్‌పెంగ్‌కు స్వర్ణం. ఎనిమిదేళ్ళు! మనకు హిమాలయాలున్నాయి, గుల్‌మార్గ్ ఉంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్ళింది ఆరిఫ్ ఖాన్ ఒక్కడే. మంచు లేక కాదు, ఏడాది పొడవునా పట్టుకుని నేర్పేవాళ్ళు లేక.

చదువు పాడవుతుందంటారా? కుటుంబాలు వలసెళ్ళి బెంగళూరులో ఇటుకలు మోస్తుంటే పాడుకాని చదువు, పొద్దున గంటసేపు పరిగెత్తితే పాడవుతుందా? డబ్బు లేదన్న మాట, 7 కోట్లు ప్రకటించిన నోటితో మళ్ళీ అనకండి.

మేం అడిగేది స్టేడియం కాదు, శిలాఫలకం అసలే కాదు. మండలానికో జీతమున్న కోచ్, కనీసం ఐదేళ్ళు కదపకుండా. ప్రతి హైస్కూలు గ్రౌండు చుట్టూ కంచె, అందులో సభలకూ సంతలకూ అనుమతి లేదన్న కలెక్టర్ ఉత్తర్వు. ఆడపిల్లలకు సాయంత్రం ప్రాక్టీసయ్యాక ఊరు చేరేందుకు బస్సు. ఆరు నెలలకోసారి కోచ్ ఎంతమంది పిల్లలకు ఏం నేర్పాడో స్కూలు గోడ మీద రాయాలి. ఆర్.డి.టి. దగ్గర నేర్చిన మన పిల్లలే చాలామంది కోచ్‌లుగా పనికొస్తారు, వాళ్ళను తీసుకోండి. మొదట ఈ రెండు జిల్లాల్లో మొదలుపెట్టండి.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు ప్రతి మండలం నుంచి ఒక అర్జీ పోవాలి. పిల్లల చేత రాయించండి, మీరు సంతకాలు పెట్టండి. రసీదు తీసుకోకుండా కలెక్టరేట్ మెట్లు దిగకండి. జవాబు రాకపోతే మళ్ళీ సోమవారం, ఆ పై సోమవారం. ఈలోగా మీ ఊరి గ్రౌండులోకి జేసీబీ వస్తే, అడ్డంగా నిలబడండి.