సన్‌స్క్రీన్ సోకు వస్తువేనా?

సన్‌స్క్రీన్ మీద రాస్తానంటే మన కార్యకర్తలే నవ్వారు. కోసిగిలో కూలికి పోయే ఆడవాళ్లకు ఈ పూతల గోల ఎందుకన్నారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చిన నాటి నుంచీ ఒంటిరంగు మీద ఆడపిల్లల్లో బెరుకు పెంచి సొమ్ము చేసుకున్న మార్కెట్టే, సన్‌స్క్రీన్‌ను కూడా ‘నల్లబడకుండా’ అంటూ అమ్ముతోంది. (2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ పెట్టారు. అంతే.) నల్లబడటం జబ్బు కాదు. కానీ ఆ ప్రకటనలు చెప్పని విషయం ఒకటుంది. అది ఎండలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లదే.

చర్మం వట్టి తోలు కాదు, అందులో ఒంటికి కాపలా ఉంది. పైపొరలో లాంగర్‌హాన్స్ కణాలుంటాయి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వాటిని కనుగొన్నాడు. క్రిమి చొరబడితే దాని ఆనవాలు పట్టుకుని లోపలి తెల్లరక్తకణాలకు చేరవేయడం వాటి పని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఈ కణాలు తగ్గిపోతాయి, మిగిలినవి మందగిస్తాయి. 1970లలో అమెరికాలో మార్గరెట్ క్రిప్కీ ఎలుకల మీద చేసిన పరిశోధన చూడండి. ఆ కిరణాల వల్ల పుట్టిన కణితిని మామూలు ఎలుకకు అతికిస్తే దాని ఒళ్లు తిప్పికొట్టింది. ముందే ఆ కిరణాలు సోకిన ఎలుకలో మాత్రం కణితి పెరిగింది. అంటే ఎండ గాయం చేయడమే కాదు, గాయాన్ని చూసుకోవాల్సిన కావలిని కూడా నిద్రపుచ్చుతోంది.

ఎండనపడి వచ్చాక కొందరికి పెదవి అంచున నీటిపొక్కులు లేస్తాయి. ఏదో పురుగు పాకిందంటారు. ఒంట్లో అణిగి ఉన్న హెర్పిస్ వైరస్ ఈ కావలి సడలినప్పుడు తలెత్తడమే అది. పెదవులకు సన్‌స్క్రీన్ రాస్తే ఆ పొక్కులు తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది. అయితే ట్యూబు మీద వేసే ఎస్‌పిఎఫ్ అంకె చర్మం కందడాన్ని బట్టి కట్టిన లెక్క. కందకముందే రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది. అందుకే రెండు రకాల అతినీలలోహిత కిరణాలనూ ఆపే ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ రకమే కావాలి.

మనది నల్లచర్మం, మనకేం కాదంటారు. సగం నిజం. తెల్లవాళ్లతో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. కానీ ఈ నిరోధక శక్తి తగ్గడం నల్లచర్మంలోనూ కనబడింది.

కోసిగి మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో. మే నెలలో వడదెబ్బ హెచ్చరికలు వస్తాయి, పని వేళలు మారుస్తారు. ఆగస్టు కలుపు తీతలప్పుడు ఎవరూ మాట్లాడరు. ‘మోడం పట్టిన దినమైతే సుఖమక్కా’ అంటారు ఆడవాళ్లు. వేడి తగ్గుతుంది, నిజమే. కానీ పలుచని మబ్బును దాటి ఆ కిరణాలు చాలావరకు కిందికి దిగుతాయి. ఒంటికి తెలియదు కాబట్టి జాగ్రత్తా ఉండదు. ఇక సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు పోయే కుటుంబాలు నెలల తరబడి ఊరు కాని ఊళ్లో ఆరుబయటే ఉంటాయి. అక్కడ నీడ గురించి మేస్త్రీని అడిగేదెవరు?

2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలులో పనిచోట తాగునీరు, విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె, పిల్లలకు నీడ ఉండాలని రాశారు. 2006 ఫిబ్రవరిలో మన పక్కన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకం మొదలైంది. నీడ పిల్లలకట! తట్ట మోసే తల్లికి కూడా నీడ కావాలని రాసినవాళ్లకు తోచలేదు. ఆస్ట్రేలియాలో ఆరుబయట పనిచేసేవాళ్లు సన్‌స్క్రీన్ కొంటే ఆదాయపు పన్నులో దాన్ని పని ఖర్చుగా చూపుకోవచ్చు. మన చట్టం దృష్టిలో అది సౌందర్య సాధనం.

అలాగని కూలీలందరికీ ట్యూబులు పంచమనడం లేదు. ముఖానికీ మెడకూ ఒక చెంచా, ఒక్కో చేతికి ఒక్కో చెంచా, రెండు గంటలకోసారి రాయాలి. రోజుకు రెండుసార్లే రాసినా 50 మిల్లీలీటర్ల ట్యూబు రెండు రోజులు రాదు. చెమటకు కారిపోయేది వేరే. పొలంలో మన ఆడవాళ్లు చీరమీద తొడుక్కునే మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా, తలకు చుట్టే తువ్వాలు అంతకంటే నమ్మకమైనవి. కాకపోతే ఉతికి ఉతికి పలచబడిన చొక్కా ఎండను సరిగా ఆపదు.

సన్‌స్క్రీన్ మందుగానే కావలసినవాళ్లు కొందరున్నారు. లూపస్ జబ్బు వచ్చేవారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే, ఎండ తగిలితే అది తిరగబెడుతుంది. పుట్టుకతో చర్మానికి రంగు లేనివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మంగు మచ్చలని చెప్పి స్టెరాయిడ్ క్రీములు పూసుకునేవాళ్లది మరో గోస. 2018లో చీటీ లేకుండా అమ్మకూడదన్నా ఆ క్రీములు చేతికి అందుతూనే ఉన్నాయి. చర్మంలోని కావలిని ఆ క్రీము లోపలి నుంచి, ఎండ పైనుంచి దెబ్బతీస్తాయి. వీళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బ్రాడ్ స్పెక్ట్రమ్ సన్‌స్క్రీన్ ఉచితంగా ఇవ్వాలి. మిగతావాళ్లకు పనిచోట పెద్దలకూ పట్టే పందిరి, పదకొండు నుంచి మూడు దాకా విరామం, ఏటా రెండు మందపాటి పొడుగుచేతుల చొక్కాలు ఇవ్వాలి. మొగుడు విడిచిన పాతవి కాదు, కొత్తవి.