కిరాయి లేదు సరే, బాధ్యత లేదా?

"ఇల్లు ఖాళీగా పెడితే పాడైపోతుంది, ఎవరో ఒకరు ఉండి దీపం పెడితే చాలు." ఈ మాట విననివాళ్లు మనలో ఉండరు. పిల్లల చదువుల కోసం హైదరాబాదు వెళ్లినవాళ్లు, బదిలీ మీద పోయినవాళ్లు, పని కోసం పుణె, ముంబయి వలస పోయినవాళ్లు, ఊళ్లో ఇంటి తాళంచెవులు ఏ తమ్ముడికో, మేనత్తకో, ఎరిగినవాళ్లకో ఇచ్చి వెళ్తారు. కిరాయి ఉండదు. కాగితం అసలే ఉండదు. "మనలో మనకు కాగితాలేంది వదినె!" అని నవ్వేస్తాం.

మా సోమశిల వైపు ఇది పాత అలవాటే. శ్రీశైలం ఆనకట్ట నీళ్లు వెనక్కి తన్ని 1981లో కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు, ఇల్లు పోయినవాళ్లు చుట్టాల మిద్దెల్లో తలదాచుకున్నారని పెద్దవాళ్లు చెప్తారు. అప్పుడు కిరాయి సంగతి ఎవరు ఎత్తుతారు? కష్టంలో ఉన్నవాళ్లకు నీడ ఇవ్వడం మంచి పనే, మానమని నేను చెప్పను. కాకపోతే, ఇచ్చినవాళ్ల మీద ఏ భారం ఉంటుందో తెలుసుకుని ఇస్తే ఇద్దరికీ మేలు.

ఇలా ఇల్లు ఇచ్చిన ఏ అక్కయ్యను కదిలించినా ఒకటే బెంగ. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట కదా!" అంటుంది. ఇందులో సగమే నిజం. 1963 లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్న మాట వాస్తవమే. అయితే ఆ లెక్క మొదలయ్యేది, ఇంట్లో ఉన్నవాళ్లు "ఇది నాదే" అని యజమాని హక్కును కాదని ఉన్నప్పటి నుంచి. మీరు ఉండమంటే ఉన్నవాళ్లకు ఆ లెక్క వర్తించదు. గోవాలో తోబుట్టువుల మధ్య ఇంటి తగాదా ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఊరికే ఉండనిచ్చిన మనిషికి ఏళ్ల తరబడి ఉన్నా ఆ ఇంటి మీద హక్కు రాదని 2012లో కోర్టు స్పష్టంగా చెప్పింది. ఇబ్బందల్లా ఏమిటంటే, "నేనే ఉండమన్నాను" అని చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఈ పన్నెండేళ్ల బెంగలో పడి అసలు భయపడాల్సిన దాన్ని మరిచిపోతాం. అది ఇంటి గోడ, ఇంటి కప్పు.

మన పాలమూరు జిల్లాల్లో మట్టి మిద్దెలు ఇంకా చాలా ఉన్నాయి. దూలాలకు చెద పడుతుంది, మిద్దె మీద మట్టి నాని బరువెక్కుతుంది, గోడ కింద చెమ్మ చేరుతుంది. 2024 వానాకాలం మొదట్లో నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ముగ్గురు పిల్లలు నిద్రలోనే పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది. ఇలాంటిది మనం ఊరికే ఇచ్చిన ఇంట్లో జరిగితే? "నేను పైసా తీసుకోలేదు" అంటే సరిపోతుందా?

సరిపోదు. కిరాయి లేకుండా ఉండనివ్వడాన్ని చట్టంలో లైసెన్సు అంటారు, అంటే అనుమతి. దీని సంగతి 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో ఉంది. నోటిమాటగా ఇచ్చినా అది అనుమతే. ఇంట్లో మనిషికి గాని సామానుకు గాని హాని చేసే లోపం ఏదైనా ఉండి, అది మీకు తెలిసి వాళ్లకు తెలియకపోతే, మీరు చెప్పి తీరాలని ఆ చట్టంలోని 57వ సెక్షను అంటుంది. మీ చేతులతో ఆ ఇంటిని ప్రమాదకరంగా మార్చకూడదని 58వ సెక్షను అంటుంది. పక్కన పునాది తవ్వించి వీళ్ల గోడ కదిలేట్టు చేయకూడదన్నమాట.

గమనించండి, మరమ్మతులన్నీ మీరే చేయించాలని ఈ సెక్షన్లు చెప్పవు. తెలిసిన అపాయం దాచొద్దంటాయి. వెనక గది దూలం విరిగిందనో, స్నానాల గదిలో స్విచ్చు షాక్ కొడుతుందనో, బావి గట్టు కూలిందనో ఒక్క మాట చెప్పకుండా తాళంచెవులు ఇచ్చామనుకోండి. ఏదైనా జరిగితే నష్టపరిహారం కోసం కోర్టుకు లాగవచ్చు. నిర్లక్ష్యం వల్లే ప్రాణం పోయిందని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

దారిన పోయేవాళ్ల సంగతి మరీ గట్టిది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయారు. ఆ కేసులో 1966లో సుప్రీంకోర్టు, రోడ్డు పక్క కట్టడాన్ని భద్రంగా ఉంచే పూచీ యజమానిదేనని, లోపం పైకి కనిపించలేదన్నా తప్పించుకోలేరని చెప్పింది. వీధి వైపు గోడ ఒరిగిన ఇళ్లున్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి. కిరాయి అంటే డబ్బే కానక్కర్లేదు. పంటలో పాలు, చేసే సేవ, విలువైన మరేదైనా కిరాయి కిందికి రావచ్చని 1882 ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షను చెబుతుంది. "ఊరికే ఇచ్చాం" అంటూనే పొలం పని, పశువుల పని చేయించుకుంటే, అది కిరాయి కింద లెక్క అని రేపు వాళ్లు వాదించవచ్చు. పని చేయించుకుంటే కూలి విడిగా ఇవ్వండి.

ఇప్పుడు ఇంట్లో ఉండేవాళ్ల మనసు కూడా చూడండి. కిరాయి కట్టేవాళ్లు కప్పు కారితే ఓనరును గట్టిగా అడుగుతారు. పుణ్యానికి ఉన్నవాళ్లు అడగలేరు. "ఊరికే ఉంటూ మళ్లా రిపేరు కూడానా అంటరేమో" అని తట్ట కింద పెట్టుకుని సర్దుకుంటారు. గోడ బీటలిచ్చినా నోరు విప్పరు. అందుకే ఊరికే ఇచ్చిన ఇంటినే మనం ఎక్కువసార్లు చూసి రావాలి. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు పప్పు భోజనం చేసి వచ్చేయకుండా, ఒక మేస్త్రీని తీసుకెళ్లి దూలాలు, గోడ మూలలు, కరెంటు వైర్లు చూపించండి. వాళ్లు అడగకముందే "ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని మీరే అడగండి.

ఇక కాగితం. దీనికి పెద్ద లాయరు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఈ సంగతులు రాసుకోండి:

1. ఎవరి ఇల్లు, ఇంటి నంబరు, ఎవరు ఉంటున్నారు, ఏ తారీఖు నుంచి.

2. కిరాయి లేదని, యజమాని అనుమతితోనే ఉంటున్నారని.

3. ఇంట్లో ఉన్న లోపాలు, వాడకూడని గదులు. చదివి వినిపించి సంతకం పెట్టించండి. రాశాక ఆ గదికి తాళం కూడా వేయండి.

4. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, చిన్న రిపేర్లు ఎవరివి, పెద్దవి ఎవరివి.

5. మీకు చెప్పకుండా కొత్తగా ఏమీ కట్టకూడదని. మీ అనుమతిని నమ్ముకుని వాళ్లు ఖర్చు పెట్టి పక్కా గది కట్టుకుంటే, తర్వాత వెళ్లమనడం కష్టం. 60వ సెక్షను వాళ్ల వైపు నిలుస్తుంది.

6. ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి.

ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి చెరొక కాపీ ఉంచుకోండి. ఆ రోజు గోడల ఫొటోలు నాలుగు తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇల్లు తిరిగి కావాల్సి వస్తే మాత్రం తొందరపడి సామాను వీధిలో పెట్టేయకండి. అనుమతి రద్దు చేశాక ఖాళీ చేసి, సామాను తీసుకుపోవడానికి తగినంత గడువు ఇవ్వాలని 63వ సెక్షను చెబుతుంది. ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. వినకపోతే కోర్టు ఉంది. తగాదా ముదిరేలా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు అక్కడ లాయరు సాయం ఉచితం.

"కాగితం అడిగితే చుట్టరికం చెడుతుందేమో" అంటారా? చిట్టీ వేసినా, బంగారం కుదువ పెట్టినా రాసుకుంటాం. ఆ ఇంట్లో పడుకునేది మన తమ్ముడి పిల్లలే కదా. "ఆ గదిలో పడుకోకండి" అని రాసిచ్చే కాగితంతో చుట్టరికం చెడదు. మృగశిర కార్తె రాకముందే ఒకసారి ఊరికి వెళ్లి మీ మిద్దె చూసి రండి.